పదకొండు అని సంతకం పెట్టాను

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు నాగారంలోని మా ఇంటికి వచ్చింది. మేడ్చల్ దారిలో ఏదో యంత్రాల కంపెనీలో డిజైను ఇంజనీరుగా చేరి ఏడాది కావస్తోంది. సోమవారానికి పూర్తిచేయాల్సిన పని మిగిలిందని ల్యాప్‌టాప్ కూడా వెంట తెచ్చుకుంది. నేను పొయ్యి మీద టీ పెట్టి వచ్చేసరికి తెర మీద ఒక పంపు కింద ఉండే ఉక్కు పీఠం బొమ్మ కనిపించింది. పిల్ల ఒక మీట నొక్కింది, టీ పొంగేలోపే ఆ బొమ్మ నీలం, పసుపు, ఎరుపు రంగుల్లోకి మారిపోయింది. ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో ఆ రంగులు చెబుతాయి. మెష్‌ను అంటే లెక్క కోసం బొమ్మను కోసే గళ్ళను, ఎన్నిసార్లు సన్నం చేసి చూశావని, నోటికి అలవాటైపోయిన ప్రశ్న అడిగాను. "గదంత అదే సూసుకుంటది పెద్దమ్మా" అని నవ్వింది. నిజమే, చూసుకుంటుంది. లెక్కలో పొరపాటు ఎంత ఉండవచ్చో పక్కన చిన్న గడిలో శాతంలో వేసి మరీ చూపించింది. చూసి సంతోషపడ్డాను. కానీ పిల్ల వెళ్ళిపోయాక కప్పులు కడుగుతూ, నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ముప్పై ఏళ్ళ వెనక్కి, మేడ్చల్ అవతల రైలు పట్టాల పక్కనున్న మా రేకుల షెడ్డులోకి వెళ్ళిపోయాను.

మాది శామీర్‌పేట. నాయిన చెరువులో చేపలు పట్టేవాడు, అమ్మ గంపలో పెట్టుకుని రోడ్డు పక్కన అమ్మేది. అటువంటి ఇంట్లోంచి ఒక ఆడపిల్ల ఇంజనీరింగు చదివి, అది చాలదన్నట్టు పైచదువు కూడా చదివిందంటే, దానికి మా మేనమామే కారణం. అమ్మకు అన్న. మేడ్చల్‌లో పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకులు తయారుచేసే కంపెనీలో ఫోర్‌మన్. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, ఇనుము మీద సుత్తితో తట్టి ఆ శబ్దం విని లోపల వెల్డింగు ఎలా ఉందో చెప్పగలిగేవాడు. నా చదువు పూర్తవగానే తన కంపెనీ యజమాని దగ్గర నా గురించి చెప్పి, డ్రాయింగు ఆఫీసులో చేర్పించాడు. ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే ఆడమనిషిని. రోజూ పొద్దున మామ స్కూటరు వెనక కూర్చుని శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు వెళ్ళేదాన్ని. ఆ రోడ్డు మీద అప్పుడు ద్రాక్ష తోటలు, ఎర్రమట్టి, అక్కడక్కడా ఒక ఇల్లు తప్ప ఏమీ ఉండేవి కావు. నా డబ్బాలో చేపల కూర ఉన్న రోజు ఆ సంగతి ఆఫీసంతటికీ ముందే తెలిసిపోయేది. మొదట్లో సిగ్గుపడేదాన్ని కానీ, నెల తిరిగేసరికి అందరూ ఆ డబ్బా కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టారు.

మా ఆఫీసులో కంప్యూటరు ఒకటే ఉండేది. దానికొక ప్రత్యేకమైన గది, ఆ గదికి కూలరు. చెప్పులు బయట విడిచి గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ యంత్రాలకు ఎంత ఓపిక కావాలో. లెక్క ఇచ్చి కూర్చుంటే సగం రోజు పట్టేది. మూడు గంటలు నడిచాక కరెంటు పోతే మళ్ళీ మొదటికొచ్చేది. రైలు వెళ్ళినప్పుడల్లా షెడ్డంతా సన్నగా వణికేది, ప్రింటరు మీద కాగితం కూడా వణికేది.

నాకు పని నేర్పిన ఆయనను అందరం పెద్దసారు అనేవాళ్ళం. కుత్బుల్లాపూర్ నుంచి బస్సులో వచ్చేవాడు, చేతిలో గుడ్డసంచి, జేబులో రెండు పెన్సిళ్ళు. నేను చేరిన మొదటి రోజే ఈ లెక్క మర్మమంతా పావుగంటలో చెప్పాడు. ఒక ఇనప వస్తువు మీద బరువు పడితే ఎక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో నేరుగా లెక్కగట్టడం మన వల్ల కాదు. అందుకని దాన్ని కాగితం మీద చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడి ఎలా సాగుతుందో తేలిక లెక్క వేసి, అన్నిటినీ కలుపుతాం. ఆ గళ్ళ అల్లికనే మెష్ అంటారు. గళ్ళు పెద్దవైతే జవాబు తొందరగా వస్తుంది, కానీ మొరటుగా ఉంటుంది. గళ్ళు సన్నమయ్యేకొద్దీ నిజానికి దగ్గరవుతుంది. అయితే నిజం ఎంతో మనకు తెలియదు కదా, ఎంత దగ్గరికొచ్చామో ఎలా తెలుస్తుంది? దానికి ఆయన చెప్పిన ఉపాయం ఒక్కటే. గళ్ళను సగానికి కోసి మళ్ళీ లెక్క వేయాలి, మళ్ళీ సగానికి కోసి ఇంకోసారి వేయాలి, మూడు జవాబులను పక్కపక్కన రాసుకుని వాటి మధ్య తేడాలు చూడాలి. తేడాలు ఒక పద్ధతి ప్రకారం తగ్గుతూ పోతే, ఇంకా మిగిలిన పొరపాటు ఎంతో కూడా అంచనా కట్టవచ్చు. తగ్గకపోతే మాత్రం ఆ జవాబును నమ్మకూడదు. బుద్ధిగా తలూపి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

రాసుకున్నాను గానీ, అవసరమైన రోజున పాటించలేదు. ఇన్నేళ్ళుగా ఈ సంగతి ఎక్కడా రాయకపోవడానికి కారణం కూడా అదే.

ఒక మందుల కంపెనీ కోసం పన్నెండు టన్నుల ట్యాంకు ఒకటి తయారైంది. దాన్ని క్రేనుతో లేపి లారీ మీదికి ఎక్కించేందుకు ట్యాంకు భుజాల మీద నాలుగు ఉక్కు చెవులు వెల్డింగు చేశారు. ఒక్కో చెవి మోచేయిలా వంగి ఉండేది. అవి బరువు మోస్తాయా లేదా అని లెక్క కట్టే పని నాకు ఇచ్చారు. మా నిబంధన ప్రకారం చదరపు మిల్లీమీటరుకు పదహారు కిలోలు దాటకూడదు, ఇరవై అయిదు దగ్గర ఉక్కు లొంగిపోతుంది. పని మీద పని ఉండి, లారీ వచ్చే రోజు దగ్గరపడి, పెద్ద పెద్ద గళ్ళతో ఒక్కసారి లెక్క వేశాను. మోచేయి లోపలి మూల దగ్గర పదకొండు వచ్చింది. పదహారెక్కడ, పదకొండెక్కడ! గురువారం సాయంత్రం కాగితం మీద పదకొండు అని రాసి సంతకం పెట్టాను. పెద్దసారు వేరే పని మీద బయటికి పోతూ పోతూ దాని కిందే తన సంతకం చేశాడు. నా సంతకం ఉన్న మొదటి లెక్క అదే. మామ ఆ కాగితాన్ని తన మనుషులందరికీ చూపించాడట. చదవడానికి కాదు, మా చెల్లె బిడ్డ సంతకం చూడండని. శుక్రవారం ఆ చెవులకే గొలుసులు తగిలించి, ట్యాంకును జానెడు ఎత్తు లేపి, మళ్ళీ మొద్దుల మీద దింపి చూసుకున్నారు. అంతా బాగానే ఉంది. లారీ వచ్చే గురువారానికి ఖాయమైంది.

శనివారం ఫైల్లో పెట్టడానికి ప్రింటరులోంచి వచ్చిన పొడుగాటి లెక్క కాగితాన్ని పేజీలుగా చింపి సర్దుతుంటే ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ మూల దగ్గర నాలుగు గళ్ళు కలుస్తాయి. చోటు ఒకటే కాబట్టి నాలుగు గళ్ళూ ఒత్తిడికి ఇంచుమించు ఒకే అంకె చెప్పాలి. కాగితం మీద మాత్రం ఒక గడి పద్నాలుగు అంటోంది, దాని పక్క గడి ఎనిమిది అంటోంది. నేను సంతకం పెట్టిన పదకొండు వాటి సగటు. ఒకే చోట నిలబడి చూసిన సాక్షులు తలా ఒక మాట చెబితే, ఆ మాటలను కలిపి భాగించి అదే నిజమని రాసుకున్నానన్నమాట. గళ్ళ మధ్య ఇంత తేడా ఉందంటే అక్కడ మెష్ చాలలేదని అర్థం. ఎవరికీ చెప్పకుండా గళ్ళను సగం చేసి మళ్ళీ లెక్క పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి జవాబు పదిహేను అని వచ్చింది.

పదిహేను పదహారుకు లోపలే ఉంది కదా. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఇక్కడితో ఆపేస్తే తప్పు పట్టేవాళ్ళెవరూ లేరు. నిబంధన దాటలేదు, సంతకం మార్చనక్కర్లేదు, మామ తల దించుకోనక్కర్లేదు. ఆడపిల్లను తెచ్చి ఆఫీసులో కూర్చోబెట్టాడని మామను వెనక నుంచి అనేవాళ్ళున్నారని నాకు తెలుసు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, స్కూటరెక్కి ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా మామ ఏదో పెళ్ళి ముచ్చట చెబుతూనే ఉన్నాడు, నేను ఊ కొడుతూనే ఉన్నాను.

ఆదివారం నాయిన చెరువు కట్ట మీద కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను. నా ముఖం చూసి ఏమయిందని అడిగాడు. ఒత్తిళ్ళు, గళ్ళు, సగట్లు అన్నీ కలగాపులగంగా చెప్పాను. వల సంగతి తెలిసినవాడు కాబట్టి వల కన్ను సన్నం చేస్తే సంగతి మారుతుందన్నది వెంటనే పట్టుకున్నాడు గానీ, మిగతాదంతా వదిలేసి ఒక్క మాట అడిగాడు.

"గా పీపా లేపేటప్పుడు మీ మామ యాడ నిలవడ్తడు బిడ్డా?"

"కిందనే నాయినా. తాడు వట్టుకోని, పీపా తిరగకుంట."

నాయిన మళ్ళీ వల అందుకున్నాడు. రెండు మూడు కన్నులు అల్లాక, "అయితే రేపు పొద్దుగాల్నే పోయి సారుకు చెప్పు" అన్నాడు. అంతే. తర్వాత మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

సోమవారం పెద్దసారు సంచి బల్ల మీద పెట్టకముందే రెండు కాగితాలూ ఆయన ముందుంచి, ఒక్కసారే లెక్క వేసి సంతకం పెట్టానని చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన పెన్సిలు తీసి పదకొండు, పదిహేను అని పక్కపక్కన రాసి, మూడో చోట ఒక గీత గీసి, ఇక్కడ ఏమొస్తుందో చూద్దాం పదమన్నాడు. మూడో లెక్క కోసం గళ్ళను మళ్ళీ సగం చేసేసరికి కంప్యూటరు మోయలేకపోయింది. మూల చుట్టూ మాత్రం సన్నం చేసి, మిగతా చోట్ల పెద్దగా వదిలేశాం. ఆ రోజు కరెంటు దయతలచింది. ఇంటికి బయలుదేరే వేళకు ఇరవై దాటి ఇంకో అర వచ్చింది.

అంకెల వైపు చూస్తూ పెద్దసారు నన్నే అడిగాడు, తేడాలు ఎంతెంత అని. మొదటి తేడా నాలుగు, రెండోది అయిదున్నర. తగ్గాల్సినవి పెరుగుతున్నాయి. అప్పుడాయన ఒక సంగతి చెప్పాడు. మేము గీసిన బొమ్మలో ఆ లోపలి మూల కత్తితో కోసినట్టు పదునుగా ఉంది. అంత పదును మూలకు కాగితం మీద జవాబంటూ ఉండదు. గళ్ళు ఎంత సన్నం చేస్తే అంకె అంత పెరుగుతూ పోతుంది, ఎక్కడా ఆగదు. కాబట్టి నా పదకొండు ఎంత అబద్ధమో, ఈ ఇరవై కూడా అంతే అబద్ధం. నిజం మూల షెడ్డులో ఉంది, వెళ్ళి దాన్ని కొలిచి రావాలి.

మంగళవారం పొద్దున నేను మూల గుండ్రాన్ని కొలిచే రేడియస్ గేజి పట్టుకుని ట్యాంకు దగ్గరికి వెళ్ళేసరికి మామకు సంగతి తెలిసిపోయింది. నిచ్చెన తనే వేసి పట్టుకున్నాడు. కానీ నేను దిగాక, తన మనుషులంతా వింటుండగానే అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది లేపుతున్న. ఒక్కనాడు గీ కాయితం జూసి లేపలే. లేవదని చెప్పెతందుకా నిన్ను తెచ్చింది?"

నేను గేజి తీసుకుని ఆఫీసు మెట్లెక్కాను. ఆ సాయంత్రం స్కూటరు మీద శామీర్‌పేట దాకా పక్క తోటలు చూస్తూ వచ్చాను. ఇల్లు రాగానే దిగి, రోజూలాగే పోయొస్తనన్నాను. మామ తల తిప్పలేదు.

గ్యాసుతో కోసిన ఆ మూల రెండు మిల్లీమీటర్లకు కాస్త పైగా గుండ్రం తిరిగి ఉందని తేలింది. ఆ గుండ్రాన్ని బొమ్మలో పెట్టి, ఆ చుట్టుపక్కల ముక్కను మాత్రమే విడదీసి మళ్ళీ మూడుసార్లు లెక్క వేశాం. పంతొమ్మిది వచ్చింది, తర్వాత ఇరవై ఒకటిన్నర, ఆ తర్వాత ఇరవై రెండు దాటి కొంచెం. ఈసారి రెండో తేడా మొదటి దానిలో మూడో వంతే. అదే లెక్కన పోతే ఇంకా మిగిలింది అర లోపే, ఎంత సన్నం చేసినా ఇరవై మూడు దాటదు. జవాబు ఒక చోట కుదురుకుంది. అబద్ధాల మధ్య తిరిగి తిరిగి నిజం అంచుకు చేరినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే మొదటిసారి తెలిసింది, ఆ నిజం నా సంతకానికి రెట్టింపే అయినా సరే. గొలుసు ఒక్కసారి కుదిపితే ఇరవై అయిదు ఎంత దూరం? పెద్దసారు లేచి యజమాని గదిలోకి వెళ్ళాడు. బయటికొచ్చి, లారీ రద్దయిందని, చెవులు కోసేయాలని చెప్పాడు.

గురువారం మామ ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. నాలుగు చెవులూ తనే కోసి కింద పెట్టాడు. నేను పైన ఆఫీసులో కూర్చుని గ్యాసు మంట శబ్దం ఆగిపోవడం విన్నాను. చాలాసేపటి తర్వాత మామ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, "దా బిడ్డా, సూద్దువు" అన్నాడు.

కోసిన చెవుల లోపలి మూలలను తుడిచి, పగుళ్ళు చూసే ఎర్ర రంగు పూసి, కాసేపాగి తుడిచేసి, పైన తెల్ల పొడి చల్లి ఉంచాడు. లోపల పగులుంటే అందులో దాగిన ఎరుపు తెల్ల పొడి మీదికి ఊరుతుంది. మూడు చెవులు తెల్లగా ఉన్నాయి. నాలుగో దాని మూలలో వెంట్రుక మందాన, గోరంత పొడవున ఎర్రగీత తేలి ఉంది. మేమిద్దరం దాని పక్కన గొంతుక్కూర్చున్నాం.

"లేపిననాడు నేను గిక్కడ నిలవడేటోన్ని" అన్నాడు మామ మెల్లగా, ఆ చెవి ఉండిన వైపు నేల చూపిస్తూ.

పెద్దసారు కూడా వచ్చి చూశాడు. అది శుక్రవారం లేపినప్పుడు పడ్డ పగులని ఖాయంగా చెప్పలేమని, గ్యాసుతో కోసినప్పుడు వేడికే పడి ఉండవచ్చని అన్నాడు. ఫైల్లో కూడా అలాగే రాయించాడు. అది ఎప్పటి పగులో నాకు ఇప్పటికీ తెలియదు. నేను సంతకం పెట్టిన పాత కాగితాన్ని చింపేస్తాడనుకున్నాను. ఆయన దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, పొరపాటు లెక్క అని రాసి, చూడకుండా సంతకం చేసినవాడిని నేను కూడా అని తన పేరు కింద రాసి, ఫైల్లో కొత్త కాగితం కిందే భద్రంగా ఉంచాడు. అంత పెద్దమనిషి అలా రాసుకోవడం చూశాక, నా సిగ్గు సగం తగ్గింది.

కొత్త చెవులకు లోపలి మూలను బొటనవేలంత గుండ్రంగా తిప్పి, పక్కన బలానికి ఒక ఉక్కు పలక కలిపాం. మూడుసార్లు లెక్క వేస్తే పదమూడు దగ్గర ముద్దుగా కుదురుకుంది. వారం తర్వాత ట్యాంకు లేచింది. మామ తాడు పట్టుకుని కిందే ఉన్నాడు. నన్ను మాత్రం ట్యాంకు చుట్టూ నేల మీద గీసిన గీత లోపలికి రానివ్వలేదు. ట్యాంకు లారీ మీద కూర్చున్నాక తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, ఆ రోజు డబ్బాలో ఏం కూర అని అడిగాడు. పని సంగతి కాకుండా, పది రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఆ తర్వాత మామకు ఒక అలవాటు పట్టుకుంది. షెడ్డులో ఏది లేపాలన్నా, ముందు పైకి చూసి, సగం చేసి చూశావా అని కేకేసేవాడు. నేను మూడు వేళ్ళు చూపిస్తేనే గొలుసు తగిలించేవాడు. చివరికి నా పెళ్ళి మాటలప్పుడు అబ్బాయి మంచివాడని పెద్దలంతా తేల్చేశాక కూడా, ఇంకో రెండుసార్లు సన్నంగా చూసి వద్దామని పట్టుబట్టి వాళ్ళ ఊరికి పోయి వచ్చాడు. మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడు. మామ పోయి ఆరేళ్ళయింది. పెద్దసారు అంతకు ముందే వెళ్ళిపోయాడు. నేను అదే పనిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఉండి, తృప్తిగా బయటికొచ్చాను. నా సంతకం మీద లేచినవేవీ కింద పడలేదు.

ఇప్పుడు శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో ద్రాక్ష తోటలు లేవు, పొడుగాటి గోడలు, కాలనీల కమానులు. మా షెడ్డు ఉన్న చోట సరుకుల గోదాము కట్టారు. వాటికేమీ బాధ లేదు, ఊరు పెరిగింది, పిల్లలకు పనులు దొరికాయి. లెక్కలు కూడా మా కంటే ఎంతో బాగా, ఎంతో సన్నంగా వేస్తున్నారు. నాకు గుర్తొచ్చేది వేరు. లెక్క ఇచ్చి, జవాబు కోసం ఎదురుచూస్తూ, చేసే పనేమీ లేక కూలరు పక్కన కూర్చున్న ఆ ఖాళీ మధ్యాహ్నాలు. యంత్రం నెమ్మదిగా నడిచేది కాబట్టి మనసు దానికంటే ముందు నడిచేది, ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కునేది. ఇప్పుడు అనుమానం పుట్టేలోపే జవాబు వచ్చేస్తోంది. అంత తీరిగ్గా భయపడే భాగ్యం మా తరంతోనే పోయిందేమో.